ఆడతనం ఎక్కడ ఉంది? దాంపత్యం గురించి మన ప్రాంతంలోని కొన్ని అపోహలు



ఈ పాఠం పెళ్ళయినవారి కోసం, పెళ్ళికి సిద్ధపడుతున్నవారి కోసం రాస్తున్నాము. పెళ్ళీడు పిల్లలున్న తల్లిదండ్రులు ముందు తాము చదివి, తర్వాత పిల్లల చేతికి ఇస్తే ఇంకా మంచిది. దాంపత్యం సంగతులు సంఘంలో మాట్లాడకూడదని కొందరు, డాక్టరును అడగకూడదని కొందరు అనుకుంటారు. ఇంట్లో ఎలాగూ మాట్లాడరు. మరి మన పిల్లలు ఇవి ఎక్కడ నేర్చుకుంటున్నారు? సినిమాలో, సెల్‌ఫోన్‌లో, ఆర్టీసీ కాంప్లెక్స్ గోడల మీద అంటించిన కాగితాలలో. ఆ చదువుతోనే పెళ్ళిపీటల మీద కూర్చుంటున్నారు. ఆ తర్వాత ఏడాదికో రెండేళ్ళకో మా ఓ.పి.కి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, మెల్లగా అడుగుతారు. అలా అడిగే ప్రశ్నలే ఈ పాఠానికి ఆధారం.

"ఈడొచ్చింది, ఇంకేం చూస్తారు?"

విజయనగరంలో గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' నాటకాన్ని 1892లో మొదటిసారి ఆడారు. 1897లో పుస్తకంగా అచ్చయింది. గిరీశం మాటలు మనలో చాలామందికి తెలుసు గాని, పుస్తకం ముందుమాటలో ఉన్న లెక్కలు చదివినవారు తక్కువ. అప్పటి విశాఖపట్నం జిల్లాలో సామాన్య బ్రాహ్మణ కుటుంబాలలో డబ్బు పుచ్చుకుని పిల్లను ఇచ్చిన పెళ్ళిళ్ళకు విజయనగరం మహారాజావారు ఒక జాబితా తయారు చేయించారు. మూడేళ్ళలో 1,034 పెళ్ళిళ్ళు తేలాయి. వారిలో ఐదేళ్ళ పిల్లలు 99 మంది. నాలుగేళ్ళవారు 44, మూడేళ్ళవారు 36, రెండేళ్ళవారు 6. ఏడాది వయసు పసికందులు ముగ్గురు.

ఆ కాలం పోయింది. కానీ ఆడపిల్ల ఒంటిని చూసి వెల కట్టే అలవాటు పూర్తిగా పోలేదు. అప్పుడు పిల్లకు డబ్బు ఇచ్చేవారు, ఇప్పుడు పిల్లతోపాటు డబ్బు పుచ్చుకుంటున్నారు. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుండి 24 ఏళ్ళ ఆడవారిలో నూటికి 29 మందికి పద్దెనిమిదేళ్ళు నిండకుండానే పెళ్ళి అయింది. అడిగితే, "పెద్దమనిషి అయింది కదండీ" అంటారు. పెద్దమనిషి కావడం అంటే ఒళ్ళు ఎదగడం మొదలైందని అర్థం. ఎదుగుదల పూర్తయిందని కాదు. కటి ఎముకలు అప్పటికింకా పెరుగుతూనే ఉంటాయి, రక్తం చాలదు, బి.పి. పెరిగి ఫిట్స్ వచ్చే ప్రమాదం కూడా చిన్న వయసు కాన్పులలో ఎక్కువ. మనసు సంగతి చెప్పనే అక్కర్లేదు. పదహారేళ్ళ పిల్లకు భర్త అంటే భయం తప్ప ఇంకేమీ తెలియకపోతే, అది ఆ పిల్ల తప్పు కాదు.

తెలుపు, వెంటపడడం

ఆకర్షణ గురించి మన ప్రాంతంలో రెండు అపోహలు బలంగా ఉన్నాయి. మొదటిది తెల్లగా ఉంటేనే అందం అన్నది. సంబంధం చూడడానికి వచ్చినవారు "పిల్ల చామనచాయండీ" అని ఒక మాట అని వెళ్ళిపోతారు. ఆ రాత్రి నుండి ఆ ఇంట్లో మెడికల్ షాపు క్రీము మొదలు. ఆ క్రీములలో చాలావాటిలో స్టెరాయిడ్ మందు కలిసి ఉంటుంది. రెండు వారాలు ముఖం మెరుస్తుంది. తర్వాత చర్మం పలచబడుతుంది, ఎర్రటి నరాలు బయటపడతాయి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి, ఎండలోకి వెళ్తే మంట. మానేస్తే ఇంకా ఎక్కువవుతుంది గనుక మళ్ళీ రాస్తారు. ఇటువంటి క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. అయినా దొరుకుతున్నాయి. 'ఫెయిర్ అండ్ లవ్లీ' కంపెనీవారే 2020లో పేరులోంచి ఆ తెలుపు మాట తీసేసి 'గ్లో అండ్ లవ్లీ' అని మార్చుకున్నారు. మన పెళ్ళిచూపులలో మాత్రం ఆ మాట ఇంకా తీసేయలేదు.

నెలసరి సరిగా రాక, గడ్డం మీద వెంట్రుకలు వచ్చే ఆడపిల్లలు కూడా ఇలాగే నలిగిపోతున్నారు. ఇది పి.సి.ఓ.ఎస్. అనే హార్మోన్ల సమస్య. చాలామందిలో ఉంటుంది, మందులతోను బరువు తగ్గడంతోను అదుపులోకి వస్తుంది. అలాంటి పిల్లను "మగరాయుడు" అని ఎగతాళి చేయడం మానండి.

రెండవ అపోహ యువకులది. వెంటపడితే, పదేపదే అడిగితే అమ్మాయి మనసు మారుతుందని, ఊరుకుందంటే ఇష్టమేనని. సినిమాలో మూడో పాటకు మారుతుంది. నిజ జీవితంలో ఆ అమ్మాయి కాలేజీ మానేస్తుంది, లేదా ఇంట్లోవారు చదువు మాన్పించి ఎవరో ఒకరికి ఇచ్చి పంపేస్తారు. మాట రాక ఊరుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. పద్దెనిమిది నిండని పిల్ల నిజంగానే ఇష్టపడినా, 2012 నాటి పోక్సో చట్టం ఆ ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోదు. యువజన కూటాలు నడిపే పెద్దలు ఈ సంగతి అబ్బాయిలకు విడమరచి చెప్పాలని కోరుతున్నాము. చెప్పేది సాధారణంగా అమ్మాయిలకే. అది చాలదు.

మొదటి రాత్రి భయాలు

ముహూర్తం పెట్టినంత మాత్రాన ఇద్దరి మనసులూ ఆ గడియకు సిద్ధం కావు. నాలుగు రోజుల పెళ్ళి హడావుడి, నిద్ర లేదు, గది బయట చుట్టాలు. మేనరికంలో ఇంకొక చిక్కు ఉంది. చిన్నప్పటి నుండి ఒకే వాకిట్లో ఆడుకున్న బావే గదా, సిగ్గెందుకని పెద్దలు అనుకుంటారు. కొందరికి అలా ఎరిగినవారి మీద ఆ రకమైన ఆకర్షణ రావడానికే ఎక్కువ కాలం పడుతుంది. (మేనరికంలో పుట్టే పిల్లలకు వచ్చే జబ్బుల సంగతి వేరు. పెళ్ళికి ముందే డాక్టరుతో మాట్లాడవలసిన విషయం అది.) మొదటి రాత్రి ఏమీ జరగకపోతే అబ్బాయి పనికిరాడని గాని, అమ్మాయికి ఇంకెవరి మీదో మనసుందని గాని తేల్చకండి. వారం, నెల పట్టినా కంగారు లేదు.

రక్తం సంగతి గట్టిగా చెప్పవలసి ఉంది. దుప్పటి మీద రక్తం కనబడితేనే కన్య అన్న మాటకు వైద్యంలో ఏ ఆధారమూ లేదు. కన్నెపొర ఒక్కొక్కరికి ఒక్కో విధంగా ఉంటుంది. కొందరికి పుట్టుకతోనే పలచగా, సాగేలా ఉంటుంది. చాలామందికి మొదటి కలయికలో చుక్క రక్తం రాదు. ఏ డాక్టరూ, ఏ పరీక్షా ఒక ఆడపిల్ల కన్య అవునో కాదో చెప్పలేదు. ఇలాంటి పరీక్షలు మానేయాలని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి సంస్థలతో కలిసి ప్రకటించింది. అత్యాచార బాధితులకు చేసే రెండు వేళ్ళ పరీక్షను మన సుప్రీంకోర్టు 2013లో తప్పుపట్టింది, 2022 అక్టోబరులో అది చేసినవారిని దుష్ప్రవర్తన కింద దోషులుగా పరిగణించాలని చెప్పింది. కోర్టు వద్దన్నదాన్ని అత్తగారు దుప్పటితో చేస్తున్నారు.

నొప్పి ఉంటే ఓర్చుకోవడమే ఆడదాని లక్షణం అన్నది ఇంకొక అపోహ. భయంతో కటి కండరాలు వాటంతట అవే బిగుసుకుపోవడం ఒక జబ్బు, దానికి చికిత్స ఉంది. పాలిచ్చే తల్లులకు హార్మోను తగ్గి లోపల పొడిగా ఉంటుంది, అప్పుడు మంట సహజం. నీటితో చేసిన జెల్లీ మెడికల్ షాపులో దొరుకుతుంది. కొబ్బరినూనె మాత్రం కండోమ్‌తో కలిపి వాడవద్దు, రబ్బరు చినిగిపోతుంది. దుర్వాసన, దురద, పెరుగులాంటి తెల్లబట్ట ఉంటే చూపించుకోవాలి, భర్త కూడా మందు వాడవలసి రావచ్చు.

ఇక "భర్త అడిగితే కాదనకూడదు" అన్న మాట. వాక్యం చూపించి మరీ అంటారు కొందరు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఏడవ అధ్యాయం తెరిచి మూడు నుండి ఐదు వచనాలు పూర్తిగా చదవండి. భర్తకు భార్య దేహం మీద ఎంత చెప్పారో, భార్యకు భర్త దేహం మీద అంతే చెప్పారు. ఇద్దరి సమ్మతీ అక్కడే ఉంది. సగం చదివి ఆపేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

"పిల్లలు పుట్టీసినారు, ఇంకా ఆ సంచెందుకు?"

ఈ పాఠంలో ఎక్కువ చోటు దీనికే ఇస్తున్నాము. ఎందుకంటే మన రాష్ట్రానికి ఇది పేరు తెచ్చిన జబ్బు, అది కూడా చెడ్డ పేరు.

గర్భసంచి తీయించుకున్న ఆడవారి శాతంలో దేశంలో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానంలో ఉంది. 2019-21 సర్వేలో 15 నుండి 49 ఏళ్ళ వయసువారిలో దేశమంతటికీ చూస్తే నూటికి ముగ్గురు ఈ ఆపరేషన్ చేయించుకుంటే, మన రాష్ట్రంలో దాదాపు తొమ్మిది మంది. దేశం మొత్తం మీద ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రులలో జరిగినవే.

ఎందుకిలా? కారణాలు కొన్ని డబ్బుకు సంబంధించినవి, కొన్ని మన నమ్మకాలకు సంబంధించినవి. మన ఊళ్ళలో పిల్ల త్వరగా పెళ్ళి చేసుకుంటుంది, ఇరవై రెండు ఇరవై మూడేళ్ళకు ఇద్దరు పిల్లలు, ఆ కాన్పులోనే కు.ని. ఆపరేషన్. ముప్పై వచ్చేసరికి తెల్లబట్ట, నడుం నొప్పి, నెలసరి ఎక్కువ కావడం. పక్కింటి పిన్ని అంటుంది: "పిల్లలు పుట్టీసినారు గదమ్మా, ఇంకా ఆ సంచెందుకు? తీయించీసుకో. వుంచితే కేన్సరొస్తాది." వరి ఊడుపులకు, జీడిమామిడి తోటలకు, ఇటుకబట్టీలకు వెళ్ళే ఆడవారికి నెలకు నాలుగు రోజుల కూలి కలిసొస్తుందన్న లెక్క కూడా ఉంది. గర్భసంచి అంటే పిల్లలను కనడానికే, ఆ పని అయిపోతే బరువు. ఇది ఒక వైపు నమ్మకం.

రెండో వైపు సరిగ్గా దీనికి ఎదురు నమ్మకం ఉంది. సంచి తీసేస్తే ఆడది ఆడది కాదు, కాపురానికి పనికిరాదు, లోపల ఖాళీ, భర్తకు సుఖం ఉండదు. ఒకే ఊరిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఈ రెండు మాటలూ వినిపిస్తాయి. అత్త తీయించుకోమంటుంది, తీయించుకుని వచ్చాక భర్త దూరంగా పడుకుంటాడు.

నిజం ఏమిటంటే, గర్భసంచి పని బిడ్డను మోయడం, నెలసరి. ఆడవారి హార్మోన్లు తయారయ్యేది దానికి రెండు పక్కలా ఉండే అండాశయాలలో. ఎముకల గట్టితనం, గుండె ఆరోగ్యం, చర్మం, నిద్ర, లోపలి తడి, ఇవన్నీ చాలావరకు ఆ హార్మోన్ల మీద ఆధారపడ్డాయి. గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచితే హార్మోన్లు వస్తూనే ఉంటాయి, అయితే ముట్లు ఆగిపోయే దశ అనుకున్నదానికంటే కొన్ని సంవత్సరాలు ముందుగా రావచ్చు. అండాశయాలు కూడా తీసేస్తే ఆ దశ మర్నాటి నుండే వస్తుంది. మన దేశంలో ఆడవారికి సహజంగా ముట్లు నిలిచేది సుమారు 46-47 ఏళ్ళకు. ముప్పై రెండేళ్ళ ఆమెకు రెండు అండాశయాలూ తీసేస్తే పదిహేనేళ్ళ హార్మోను పోయినట్టే. ఒళ్ళంతా ఆవిరి వచ్చినట్టు వేడి, చెమట, నిద్ర పట్టకపోవడం, కలయికలో మంట, చిరాకు, పదేళ్ళు గడిచాక ఎముకలు పెళుసవడం. ఆమెకు కోరిక తగ్గిందంటే ఆడతనం పోయిందని కాదు, హార్మోను పోయింది. దానికి మందులు ఉన్నాయి. డాక్టరు చూసి ఇవ్వాలి.

కేన్సర్ భయం గురించి. తెల్లబట్ట కేన్సర్‌గా మారదు. గర్భాశయ ముఖద్వారం కేన్సర్‌ను ముందే పట్టుకోవడానికి చిన్న పరీక్ష ఉంది, పది నిమిషాల పని. కేన్సర్ వస్తుందేమోనని సంచి తీయడం, దొంగ వస్తాడేమోనని ఇల్లు కూల్చడంలాంటిది.

ఆపరేషన్ అవసరమైనవారు ఉన్నారు, లేరని అనడం లేదు. కేన్సర్ ఉన్నవారు, మందులకు లొంగని రక్తస్రావం ఉన్నవారు, పెద్ద గడ్డలున్నవారు, సంచి బాగా కిందికి జారినవారు. వారిలో చాలామంది ఆపరేషన్ తర్వాత రక్తం పట్టి, నొప్పి పోయి, కాపురం మునుపటికంటే సుఖంగా ఉందని చెబుతారు. యోని మార్గం అలాగే ఉంటుంది, భర్తకు తేడా తెలియదు. సుమారు ఆరు వారాలు ఆగి, డాక్టరు చూసి సరే అన్నాక కలవవచ్చు.

అనవసర ఆపరేషన్ల మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు ఇచ్చింది. కేంద్రం 2022లో తయారు చేసిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలు చేయాలని చెప్పింది. కాబట్టి అడిగే హక్కు మీకుంది. నాకు ఉన్న జబ్బు పేరు ఏమిటి, మందులతోగాని, హార్మోను ఉన్న లూప్‌తోగాని, గడ్డ ఒక్కటే తీయడంతోగాని సరిపోదా, అండాశయాలు ఉంచుతారా తీస్తారా, ఇంకొక డాక్టరుకు చూపించుకుంటే ఎన్నాళ్ళు ఆగవచ్చు. ఈ నాలుగూ అడగండి. స్కానింగ్ కాగితం, తీసిన భాగం పరీక్ష రిపోర్టు దాచుకోండి. ఇవి అడిగితే విసుక్కునే చోట కత్తి కింద పడుకోవడం ఎందుకు?

మగవారికి కొన్ని మాటలు

పై సర్వేలోనే ఇంకొక లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవారిలో నూటికి 70 మంది వరకు కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవారే. మగవారు చేయించుకున్నది నూటికి ఒకటి కూడా లేదు. కారణం అడిగితే "మగతనం పోతుంది", "బరువు ఎత్తలేము" అంటారు. కోత కుట్టు లేని వేసెక్టమీలో వీర్యకణాలు వచ్చే సన్నని గొట్టాన్ని మాత్రమే మూస్తారు. హార్మోను రక్తంలో కలుస్తుంది, ఆ గొట్టంలో రాదు. కోరిక, పటుత్వం, గడ్డం, గొంతు, ఏవీ మారవు. మూడు నెలలపాటు, వీర్య పరీక్షలో కణాలు లేవని తేలేవరకు మాత్రం వేరే జాగ్రత్త వాడాలి.

కాంప్లెక్స్ గోడల మీద "రహస్య వ్యాధులు, బలహీనత" అని అంటించేవారిని నమ్మవద్దు. లైంగిక శక్తి పెంచుతామని మందులకు ప్రకటన ఇవ్వడమే 1954 చట్టం ప్రకారం నేరం. నిద్రలో వీర్యం పోవడం జబ్బు కాదు. కొడుకు పుట్టకపోవడం భార్య లోపం కానే కాదు, మగబిడ్డకు కావలసిన వై క్రోమోజోము తండ్రి దగ్గర నుండే రావాలి. పిల్లలు లేనప్పుడు మొదటి పరీక్ష భర్త వీర్య పరీక్షే కావడం మంచిది. చవక, నొప్పి లేదు.

మన జిల్లాల మగవారు చాలామంది ఏడాదిలో సగం ఇంట్లో ఉండరు. హైదరాబాదు, చెన్నై కట్టడం పనులకు, గుజరాత్ వెరావల్ బోట్లకు వెళ్తారు. 2018 నవంబరులో వెరావల్ నుండి వేటకు వెళ్ళి పాకిస్తాన్ వారికి చిక్కిన మన మత్స్యకారులు 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. ఆ ఏడాదికి పైగా కాలం ఇంట్లో ఆడవారు ఎలా గడిపారో తీర గ్రామాలవారికి తెలుసు. ఇలా నెలల తరబడి దూరంగా ఉన్నవారు వచ్చిన రాత్రే అంతా మునుపటిలా ఉండాలనుకుంటారు. భార్య ఒంటరిగా సంసారం ఈది అలిసిపోయి ఉంటుంది, కొత్తగా అనిపిస్తుంది. ఆమె దగ్గరకు రాలేదంటే అనుమానపడవలసిన పని లేదు. రెండు మూడు రోజులు మాటలకు ఇవ్వండి. దూరంలో ఏదైనా పొరపాటు జరిగి ఉంటే, ఇంటికి రాగానే జిల్లా ఆసుపత్రి ఐ.సి.టి.సి.లో ఉచితంగా హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకుని, ఫలితం తెలిసేవరకు కండోమ్ వాడండి. పేరు గోప్యంగా ఉంచుతారు.

ఉద్దానం కుటుంబాలకు ప్రత్యేకంగా ఒకటి చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలలో కిడ్నీ జబ్బు ఉన్న మగవారిలో చాలామందికి కోరిక, పటుత్వం తగ్గుతాయి. రక్తహీనత, హార్మోను తగ్గడం, నరాల బలహీనత, బి.పి. మందులు, దిగులు, ఇన్ని కారణాలు ఉంటాయి. ఆడవారిలో నెలసరి తప్పుతుంది. ఈ సంగతి వారికి చెప్పేవారు లేక, "నామీద ఇష్టం పోయింది" అని భార్య, "నేనింక మగాణ్ణి కాను" అని భర్త విడివిడిగా కుమిలిపోతుంటారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అక్కడైనా, మీరు డయాలసిస్ చేయించుకునే మరే చోటైనా డాక్టరును ఈ విషయం అడగవచ్చు. రక్తం సరిచేసి, మందులు మార్చితే కొందరికి మెరుగవుతుంది. మెడికల్ షాపులో స్నేహితుడు చెప్పిన బిళ్ళ మాత్రం కొని వేసుకోకండి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ బిళ్ళలు వాడేవారు ఆ మందు వేసుకుంటే బి.పి. ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. కిడ్నీ జబ్బువారికి మోతాదు కూడా తక్కువగా ఉండాలి. డాక్టరు దగ్గరకు వచ్చేటప్పుడు వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని, భార్యాభర్తలిద్దరూ కలిసి రండి.